ఎవరి కంటా పడని కట్టలు

గవరయ్యకి తెలివెక్కువ. ఆ మాట వాళ్ళావిడ సింగారమ్మ చెప్పింది. సింగారమ్మకి అంతకన్నా ఎక్కువ. ఆ మాట ఆవిడ తమ్ముడు బోడియ్య చెప్పాడు. బోడియ్య తెలివి సంగతి అక్కాబావా కలిసి చెప్పేవాళ్ళు. నాలుగో మనిషిని అడగాల్సిన అవసరం వాళ్ళకి ఎప్పుడూ రాలేదు.

ముగ్గురూ ప్లీడరు సోమయాజులుగారింట్లో పనిచేసేవాళ్ళు. ఆయన ముందుగదిలో బల్ల నిండా కేసుల కట్టలు. ప్రతి కట్ట మీదా పార్టీ పేరు. వచ్చినవాళ్ళు తమ కట్ట తాము చూసుకుని ఊరుకుంటారా? పక్క కట్టల మీద పేర్లన్నీ చదివేవాళ్ళు. "ఓహో, వీరన్న తమ్ముడి మీదే దావా వేశాడా!" అంతే, సాయంత్రానికి ఊరంతా టాంటాం.

ఒకరోజు ప్లీడరుగారికి విసుగొచ్చింది. కోర్టుకి బయల్దేరుతూ గవరయ్యని పిలిచారు.

"ఒరే, విప్పే హక్కు లేనివాళ్ళకి కట్ట కనపడనే కూడదు. పేరు కూడా కనపడకూడదు. తెలిసిందా? ఇవాళ రత్తమ్మ వస్తుంది. ఆవిడ కట్ట ఆవిడకిచ్చి కోర్టుకి పంపండి. దస్తావేజు అందులోనే ఉంది. అది లేకపోతే ఆవిడ ఇల్లు మరిది పాలే!"

"ఇంతేనా బాబూ!" అన్నాడు గవరయ్య.

ఆయన అటు వెళ్ళగానే ముగ్గురూ ఇంట్లో ఉన్న పాత పంచెలన్నీ తెచ్చి, ఒక్కో కట్టని ఒక్కో మూట కట్టేశారు. ఇక ఏ పేరూ కనపడదు.

"ఇప్పుడు చదవమను చూద్దాం!" అంది సింగారమ్మ.

ఇంతలో రత్తమ్మ వచ్చింది. "నా కట్ట ఇప్పించండి నాయనా."

"ఇందులో నీదేది?"

"మూటలు చూస్తే నాకేం తెలుస్తుంది?"

సరే, విప్పి చూద్దామని గవరయ్య ముడి మీద చెయ్యేశాడు. సింగారమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"నీకు విప్పే హక్కుందా?"

"లేదు."

"మరి నీకు కనపడొచ్చా?"

"అమ్మో! పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నానే!"

ఇంకేముంది! ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. అలాగే తడుముకుంటూ వెతికారు. బోడియ్య కాలు తగిలి బల్ల కాస్తా బోర్లా పడింది. మూటలన్నీ దొర్లుకుంటూ పోయి, గుమ్మం దగ్గరున్న మాసిన బట్టల మూటతో కలిసిపోయాయి.

సరిగ్గా అప్పుడే బట్టలుతికే నూకరాజు వచ్చి, "మూటెయ్యండమ్మా" అన్నాడు. చేతికందింది వేశారు. రత్తమ్మకీ చేతికందింది ఇచ్చారు.

"దారిలో విప్పకు. ఎవరైనా చూస్తారు" అని బోడియ్య జాగ్రత్త కూడా చెప్పాడు.

కోర్టులో ప్లీడరుగారు లేచి, "యువరానర్, రుజువంతా ఇందులోనే ఉంది!" అని మూట విప్పారు. చిల్లుపడ్డ బనీన్లు రెండు, ఆయనగారి లంగోటీ, నూనె మరకల తలగడ గలీబు.

"వీటిలో దస్తావేజు ఏదండీ ప్లీడరుగారూ?" అన్నారు జడ్జిగారు.

కోర్టంతా ఘొల్లుమంది. రత్తమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవిడని చూసి జడ్జిగారికి నవ్వు ఆగిపోయింది. "భోజనాలయ్యేదాకా ఆగుతాను, తీసుకురండి" అన్నారు.

ప్లీడరుగారు కోటు ఎగరేసుకుంటూ ఇంటికి పరిగెత్తారు. "కట్ట ఏదిరా?"

"మాకు కనపడదు బాబూ!" అన్నారు ముగ్గురూ, ఇంకా కళ్ళు మూసుకునే.

"ఇక్కడికెవరొచ్చారు?"

"నూకరాజు గొంతు వినపడింది. మనిషిని మాత్రం చూళ్ళేదు!"

ప్లీడరుగారు కాలవగట్టుకి ఉరికారు. వెనకే రత్తమ్మ. నూకరాజు ఒడ్డున కాగితాల మీద రాయి పెట్టి కూర్చున్నాడు.

"ఈ బట్టలేంటో కరకరలాడుతున్నాయి, నీళ్ళలో వెయ్యడానికి మనసొప్పలేదండి" అన్నాడు.

రత్తమ్మ ఆ కట్టని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకుంది. కోర్టు ముగిసేలోపల ఇల్లు ఆవిడదేనని తీర్పయింది.

ఇంటికొచ్చిన ప్లీడరుగారు ముగ్గుర్నీ వరసగా నిలబెట్టారు. "ఇవాళ్టినుంచి మీరు నా కంటికి కనపడకండి!" అని అరిచి, పడక్కుర్చీలో వాలి గుర్రుపెట్టారు.

ముగ్గురూ పెరట్లో తలలు పట్టుకున్నారు.

"ముగ్గురం దాక్కుంటే బాబుగారికి అన్నం ఎవరు వండుతారు?" అన్నాడు గవరయ్య.

"మనం ముగ్గురం ఎందుకు దాక్కోవాలి బావా? ఆయనకున్నవి రెండు కళ్ళేగా!" అన్నాడు బోడియ్య.

ప్లీడరుగారికి మెలకువ వచ్చేసరికి అంతా చీకటి. తలకి గోనెసంచి, మెడ దగ్గర ముడి.

"ఒరే గవరయ్యా! ఎక్కడ చచ్చార్రా?"

సింగారమ్మ ముఖం వెలిగిపోయింది. "చూశారా, ఎదురుగా ఉన్నా కనపడ్డం లేదు! ఇంకో ముడి కూడా వెయ్యి తమ్ముడూ!"