గొడుగంత నీడ

గుండ్రటి తొట్టిలో గుడ్లన్నీ తెల్లారేసరికి తెల్లబడిపోయాయి.

ప్రాణం పట్టిన చేపగుడ్డు ఉడికిన సగ్గుబియ్యంలా ఉంటుంది, లోపలిదంతా కనపడుతుంది. ఇవి ఉడకని సగ్గుబియ్యంలా పాలిపోయి, నీళ్ల సుడిలో ఊరికే తిరుగుతున్నాయి. తొట్టి గట్టు మీద కూర్చున్న జిలానీకి తన గుండెలో ఏదో దీపం ఆరిపోయినట్టు అనిపించింది.

కొల్లేటి ఒడ్డున ఉన్న ఆ చిన్న దర్గాకి యాసీన్ బాబా పెద్ద దిక్కు. దర్గా వెనకే చేపపిల్లల్ని పుట్టించే హేచరీ ఉంది. దేవుణ్ణి వెతుక్కుంటూ బాబా దగ్గరికి ఎవరు వచ్చినా ముందు తల్లిచేపలకి మేత వెయ్యడం నేర్చుకోవాల్సిందే. జిలానీ కూడా అలాగే నేర్చుకున్నాడు.

పోయిన వరదకి పక్క లంకలో ఊరి చెరువు కట్ట తెగి, చేపలన్నీ కొల్లేట్లో కలిసిపోయాయి. ఆ ఊరికి కూడూ గుడ్డా ఆ చెరువే. ఈసారి చెరువు నింపడానికి చేపపిల్లల్ని ఇస్తానని బాబా అన్నాడు. అందరికంటే ముందు మీకే ఇస్తామని మాటిచ్చింది మాత్రం జిలానీ.

ఆ మాట కోసమే రోహిణి కార్తె ఎండల్లోనే సగం శీలావతి చేపలకి గుడ్లు పెట్టించే ఇంజక్షన్లు చేసి, మగచేపలతో కలిపి తొట్టిలో వదిలాడు. చేతిలోని జపమాల, తస్బీని, ఒక్కో చేపకి ఒక్కో చుట్టు చొప్పున, కళ్లు మూసుకుని, ఒక్క పూస తప్పకుండా లెక్కపెట్టి తిప్పాడు. అంత నిష్ఠగా ఇంకెవరు తిప్పుతారని లోలోపల మురిసిపోయాడు కూడా.

బాబా వచ్చి తొట్టిలోకి చూశాడు.

"నా దువాలో ఎక్కడ లోపం జరిగింది బాబా? ఒక్క పూస కూడా తప్పలేదు."

"ఈ నీళ్లలో చెయ్యి పెట్టి చూశావా?"

జిలానీ తలవంచుకున్నాడు. అప్పుడు పెట్టి చూశాడు. వేసవిలో ఎండకి కాగిన ట్యాంకు నీళ్లలా, పొద్దున్నే అంత వెచ్చగా ఉన్నాయి.

బాబా చెయ్యి చాపాడు. జిలానీ తస్బీ తీసి ఇచ్చాడు. బాబా దాన్ని జుబ్బా జేబులో వేసుకుని, గోడకి తగిలించిన నల్ల గొడుగు తీసుకుని తల్లిచేపల చెరువు వైపు నడిచాడు.

మిగిలిన సగం శీలావతులు ఆ చెరువులోనే ఉన్నాయి. పొట్టల నిండా గుడ్లతో, ఎండ తాళలేక అడుగుకి దిగి కూర్చున్నాయి. నీళ్లు ఇలాగే కాగితే ఆ గుడ్లు లోపలే కరిగిపోతాయి. అవీ పోతే లంక చెరువు ఈ ఏడాది ఖాళీ.

బాబా గట్టు మీద కూర్చుని గొడుగు విప్పి, చాచిన చేత్తో నీళ్ల మీద పట్టాడు. ఎండంతా ఆయన నెత్తి మీదే పడుతోంది. జిలానీ కంగారుగా పరుగెత్తాడు.

"వడదెబ్బ తగులుతుంది బాబా, లేవండి. ఇంత చెరువుకి ఆ గొడుగు నీడ ఎంతని?"

"గొడుగంత," అన్నాడు బాబా.

జిలానీకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లల్లో నీళ్లూ తిరిగాయి. గొడుగు తను అందుకోబోతే బాబా ఇవ్వలేదు. జిలానీ వెళ్లి కత్తి తెచ్చుకుని గట్టు మీది తాటిచెట్టు ఎక్కాడు.

అతను మట్టలు కొట్టి పడేస్తుంటే లంక నుంచి నాంచారమ్మ పడవ దిగింది. ఆ ఊరి చెరువు బాగోగులన్నీ చూసేది ఆవిడే. నోరు మహా చురుకు.

"ఏం అబ్బాయ్, పెళ్లికూతుళ్లు ఎలా ఉన్నారు? పిల్లల్ని ఎత్తుకుపోదామని కుండలు కూడా తోమించాను."

జిలానీ చెట్టు మీద నుంచే జరిగింది చెప్పాడు. తొందరపడింది తనేనని దాచకుండా చెప్పాడు. ఆవిడ ఎండలో గొడుగు పట్టుకున్న ముసలాయన వంక చూసింది.

"మండుటెండలో శోభనం పెడితే మనిషయినా పారిపోతాడు, ఇక చేపలొక లెక్కా," అని గొణుక్కుని, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని మట్టలు లాగడం మొదలెట్టింది.

మర్నాడు లంక సగం ఊరు దిగింది. చెరువు మీద వెదుళ్లు పాతి తాటాకు పందిరి వేశారు. పాత వలలు కట్టి, ఓ మూల నీళ్ల మీద తేలే గుర్రపుడెక్కని కదలకుండా నిలిపారు. బోరు నీళ్లు చెరువులోకి సన్నగా వదిలారు. పెళ్లిపందిరి కూడా ఇంత అందంగా ఉండదనుకున్నాడు జిలానీ. పందిరి కింద చేపలు పైకి తేలాయి. వాటి వెన్ను మీద ఆకుల సందుల్లోంచి పడ్డ వెలుగు చుక్కలు చుక్కలుగా ఆడింది.

ఆ తర్వాత ఎదురుచూపు. దీనికంటే తాటిచెట్టు ఎక్కడమే నయమనిపించింది అతనికి. మందు సిద్ధంగా ఉంది, చేతులు ఊరుకోవు. పొద్దున్నే బాబా దగ్గరికెళ్లి, ఇవాళ ఇంజక్షన్ చెయ్యమంటారా అని అడిగేవాడు. బాబా చెరువు వైపు చూపించేవాడు. జిలానీ వెళ్లి చెయ్యి పెట్టి, ఇంకా వెచ్చగానే ఉన్నాయని తిరిగొచ్చి, మేత బుట్ట ఎత్తుకునేవాడు.

వెళ్లగా వెళ్లగా ఆ చేతికి నీళ్ల భాష తెలిసింది. పైన వెచ్చన, మోచేతి లోతున చల్లన. పడమటి గాలి వీచిన పూట ఒకలా, గాలి పడిపోయిన పూట ఒకలా.

మృగశిర వచ్చాక ఒక మధ్యాహ్నం కొల్లేటి మీద మబ్బు కమ్మింది. చినుకులు మొదలై వాన ముదిరింది. వాన వెలిశాక కూడా గాలి చల్లగానే ఉంది. జిలానీ చెరువులో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. పైనా కిందా ఒకటే చల్లదనం. ఆ రోజు బాబాని అడగడానికి వెళ్లలేదు. తిన్నగా పోయి వల, ఇంజక్షన్ మందు తెచ్చుకున్నాడు.

మర్నాడు ఉదయం బాబా హేచరీలోకి వచ్చేసరికి, జిలానీ తొట్టి మీద వంగి రెండు చేతులూ నీళ్లలో ఉంచి ఉన్నాడు. నాంచారమ్మ పక్కనే నిలబడి తొట్టిలోకి చూస్తోంది. నీళ్ల సుడిలో గుడ్లు గుండ్రంగా తిరుగుతున్నాయి. గాజుపూసల్లా ఉన్నాయి. చాలావాటి లోపల సన్నటి నల్ల నలక ఉంది, అది కదులుతోంది. ఒక్కొక్కటే వచ్చి జిలానీ వేళ్లని తాకి, దాటిపోతున్నాయి.

బాబా జేబులోంచి తస్బీ తీసి అతని ముందు పట్టాడు.

"చేతులు తడిగా ఉన్నాయి బాబా," అన్నాడు జిలానీ, నీళ్ల మీంచి కళ్లు తిప్పకుండా.

"ఎన్నో పూస దాకా వచ్చావు?" బాబా గుడ్ల వైపు చూస్తూ అడిగాడు.

జిలానీ అప్పుడు తలెత్తాడు.

"లెక్క మరిచిపోయాను బాబా."

బాబా తస్బీని మళ్లీ జేబులో వేసుకున్నాడు.