ఎర ఆగిన చోటు

నరహరి దాసుగారికి ఒక అలవాటు ఉండేది. నవ్వనంటే చెబుతాను. సాయంసంధ్య వార్చగానే ఆ హరికథా విద్వాంసులు టీవీ ముందు పీట వేసుకుని, వీడియో గేములో చేపలు పట్టేవారు. ఉల్లిపాయైనా గుమ్మం దాటని ఇల్లు అది! "ఏ జన్మ వాసనో" అని భార్య లలితాంబగారు దెప్పితే, "పట్టినదాన్ని మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తున్నానుగా" అనేవారు.

ఒకనాడు అదే వేళకు శిష్యుడు చిదంబరం వచ్చి, చిడతలు గురువుగారి పాదాల దగ్గర పెట్టాడు.

"మీరిచ్చినవే స్వామీ, మీరే ఉంచుకోండి. గొంతు బాగుందంటారు, తాళం తప్పను, కథలో ముక్క మరిచిపోను. అయినా జనం బిగుసుకుని కూర్చుంటారు. నిన్న సీతమ్మవారి పెళ్ళి చెబుతుంటే, ఆ తల్లి మెడలో తాళి పడకుండానే చెప్పులు వెతుక్కున్నారు. రేపు మళ్ళీ అదే పందిట్లో చెప్పాలి. నేను వెళ్ళను. నాలో లోపమేమిటో చెప్పండి, చాలు."

దాసుగారు గేము రిమోటు చేతికిచ్చి, "ఒక్క చేపను పట్టి వెళ్ళు నాయనా" అన్నారు.

గాలం విసరాలి. బటన్ నొక్కితే దారం చుట్టుకుని, చిన్న చేపలాంటి బొమ్మ ఎర నీళ్ళలో ఈదుకుంటూ ఒడ్డుకొస్తుంది. అంతే ఆట. చిదంబరం తాళం వేసినంత శ్రద్ధగా చుట్టాడు. పచ్చని నీటి అడుగున ఒక పెద్ద చేప కదిలి, ఎర వెంట పడింది. వాడికి సంబరం. ఇంకా జోరుగా చుట్టాడు. ఒడ్డుదాకా వచ్చిన చేప తోక తిప్పి వెళ్ళిపోయింది. ఎన్నిసార్లు విసిరినా అదే తంతు.

"దీనికి కూడా నేనంటే గిట్టదు స్వామీ!"

చిక్కుళ్ళు తుంచుతున్న లలితాంబగారు ఇక ఉండబట్టలేకపోయారు. "ఒరేయ్, ఆ చెయ్యి కాస్త తియ్యరా! అంతసేపూ నువ్వే పరిగెత్తిస్తుంటే పాపం అదెప్పుడు నోరు తెరుస్తుంది?"

వాడు వేలు తీశాడు. ఎర ఆగింది. పక్కకు ఒరిగి మెల్లగా దిగిపోసాగింది.

"మునిగిపోతోందమ్మా!"

"మునగనీ."

నీరు కదలడం లేదు. అయ్యలారా, ఆ కాసేపు ఎంత పొడుగో వాడినే అడగాలి! అంతలో వెనకే ఉన్న చేప గభాలున ముందుకొచ్చి ఎరను అందుకుంది. గాలం కర్ర విల్లులా వంగింది. చిదంబరం కేకపెట్టి పీట మీంచి లేచిపోయాడు. ఒళ్ళోని చిక్కుళ్ళు నేలపాలైనా చూసుకోకుండా లలితాంబగారు చప్పట్లు కొట్టారు.

నవ్వులు తగ్గాక దాసుగారు అన్నారు: "నిన్న పందిట్లో వెనక వరసలో నేనూ కూర్చున్నాను. 'శ్రీమద్రమారమణ గోవిందో' అని ఎంత బాగా ఎత్తుకున్నావు! జనం అనాల్సిన 'హరి' కూడా నువ్వే అనేశావు."

చిదంబరం తల వంచుకున్నాడు. "ఎవరూ అనరేమోనని భయం స్వామీ." వంగి చిడతలు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

"మంచిది" అన్నారు దాసుగారు. "రేపు వాళ్ళు ఆలస్యం చేసినా కంగారుపడకు."