కోడి కడుపులో కుడి గుత్తి ఎందుకు నిద్రపోయింది?

ఒకప్పుడు పిట్టలన్నిటికీ కడుపులో రెండు గుడ్లగుత్తులుండేవి. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి.

ద్రాక్షగుత్తిలో కాయలున్నట్టు ఒక్కో గుత్తిలో పచ్చసొనలు వేలాడుతుండేవి. ఆవగింజంతవి, శనగగింజంతవి, రేగుపండంతవి. బాగా పండిన సొన గుత్తి నుంచి జారి గుడ్డు దిగే దారిలో పడేది. దారి పొడుగునా దాని చుట్టూ తెల్లసొన పట్టేది. చివర్లో పెంకు కట్టేది. అప్పుడు గుడ్డు బయటికొచ్చేది.

గుత్తులు రెండు, దారులు రెండు. అందుకని గుడ్లు ఎప్పుడూ జంటగానే వచ్చేవి.

మద్దికొండ అడవిలో పింగళి అని ఒక అడవికోడి ఉండేది. ఎండుటాకు రంగు ఈకలు, చురుకైన కళ్లు. దాని జోడు పేరు సవల. నిప్పురంగు మెడ, నల్లటి తోక ఉన్న పుంజు. ఆ వేసవిలోనే ఇద్దరూ కలిసి ఒక పొద కింద నేలను గీరి, ఆకులు పరిచి, మొదటిసారి గూడు కట్టుకున్నారు.

"రేపో మాపో పెడతానేమో!" అంది పింగళి. కడుపు రెండువైపులా బరువుగా ఉంది. ఆ బరువు దానికి ఎంత ముద్దుగా ఉందో!

"నువ్విక గూట్లో కూర్చో. తిండి నేను తెస్తాను" అన్నాడు సవల.

కానీ పింగళి కాళ్లు ఒకచోట నిలిచేవా? పక్కనే పడిపోయిన మొద్దు మీద ఒక పచ్చ మిడత వాలింది. పింగళి మొద్దెక్కింది. మిడత కిందికి దూకింది. పింగళీ దాని వెనకే దూకింది.

లోపల "టక్" మంది.

పింగళి ఉన్నచోటే ఆగిపోయింది. మిడత ముక్కు ముందే కూర్చుని ఉంది. అయినా దాన్ని చూడలేదు. కాసేపటికి పెంకుముక్కలూ పచ్చసొనా కలిసి నేలమీద పడ్డాయి. రెండు గుడ్లూ లోపలే ఒకదానికొకటి కొట్టుకుని పగిలిపోయాయి.

పింగళికి ఏడుపు కూడా రాలేదు. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

పక్క తుప్పలో పూరేడవ్వ ఉండేది. చాలా ముసలి పిట్ట. గుడ్లు పెట్టడం ఎప్పుడో మానేసింది. ఆమె గబగబా నడిచొచ్చి, ముక్కుతో పెంకుముక్కల్ని ఆకుల కిందికి తోసేసింది.

"లే తల్లీ. అందరికీ అవుతుంది."

పింగళి తల తిప్పి చూసింది. "అందరికీనా?"

"గువ్వకీ అయింది, గోరింకకీ అయింది. నాకు ఎన్నిసార్లో! రెండు గుడ్లు పక్కపక్కనే ఉంటే, ఎగిరినా దూకినా తగులుకుంటాయి మరి. అందుకే మనం ఈ రోజుల్లో ఎగరం. నేలమీద మెల్లగా నడుస్తాం."

"ఇంతమందికి తెలుసు. ఒక్కరైనా నాకు చెప్పలేదేం అవ్వా?"

"ఇలాంటివి ఎవరు చెప్పుకుంటారే? ఎవరి పొదలో వాళ్లు ఏడ్చి ఊరుకుంటారు."

పగిలిన గుడ్లకంటే ఆ మాటే పింగళిని ఎక్కువ నివ్వెరపరిచింది. ఇన్ని పొదలు, ఇంతమంది తల్లులు, ఇన్ని గుడ్లు. ఒక్కరూ నోరు విప్పలేదు!

ఆ తర్వాత పింగళి దూకలేదు. గూట్లోనే కుదురుగా కూర్చుంది. ఎడమ గుత్తి మళ్లీ ఒక సొనను దింపింది. దానికి తెల్లసొన పట్టింది, పెంకూ కట్టింది. కుడి గుత్తి మాత్రం మొదటి దెబ్బకు బెదిరిపోయినట్టుంది. ఒక్క సొననూ దింపలేదు.

"కంగారు పడకు. అదీ దింపుతుంది" అన్నాడు సవల.

ఎండలు ముదిరాయి. వెదురు గడలు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటున్నాయి. మిట్టమధ్యాహ్నం పూట ఆ రాపిడిలోంచి ఒక నిప్పురవ్వ రాలింది. ఎండుగడ్డి దాన్ని పట్టుకుంది. చూస్తూ ఉండగానే కొండవాలంతా ఎర్రగా లేచింది.

"కార్చిచ్చు! కార్చిచ్చు!" అని అరుస్తూ కణుజు దుప్పి పరిగెత్తింది. కుందేళ్లు పరిగెత్తాయి. మగపిట్టలన్నీ గుప్పున ఆకాశంలోకి లేచాయి.

ఆడపిట్టలు లేవలేదు. ఎలా లేస్తాయి? అందరి కడుపుల్లోనూ జంట గుత్తుల బరువే.

సవల పైకి లేచి, చుట్టూ చూసి, మళ్లీ కిందికి దిగాడు. "పింగళీ, వాగు దాటితే బతుకుతాం! అవతల ఇసుకే. మంట అక్కడికి రాదు. ఎగురు!"

పింగళి రెక్కలు కొట్టింది. మూరెడు లేచి దబ్బున పడింది. వెంటనే ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గింది. లోపల చప్పుడు లేదు. గుడ్డు పగల్లేదు.

"నువ్వు వెళ్లు" అంది.

"వెళ్లను."

"వెళ్లవయ్యా! నీ రెక్కలు బాగానే ఉన్నాయిగా!"

సవల కదల్లేదు. పొగ వచ్చి ఇద్దరి కళ్లలోనూ గుచ్చుకుంది. ఆ పొగ వెనకే గాలి వచ్చింది. వేడివేడిగా, బుస కొడుతూ.

"గాలితాతా!" అని అరిచింది పింగళి. "నువ్వే కదా మంటను తోలుకొస్తున్నావు! ఆగవా?"

"ఆగడం నాకు చేతకాదమ్మా" అన్నాడు గాలి. "ఎత్తమంటే మాత్రం ఎత్తుతాను."

"అయితే నన్నెత్తు."

గాలి దాని రెక్కల కింద దూరి పైకి తోశాడు. పింగళి లేచింది. లేచి మళ్లీ వాలిపోయింది.

"నీ కడుపులో రెండు మూటలున్నాయి. రెండింటినీ మోయడం నావల్ల కాదు. ఒకటైతే మోస్తాను."

"మూటలా? అవి నా పిల్లలు!"

"నేను పేరు పెట్టలేదు తల్లీ. బరువు చెప్పాను. ఒక గుత్తిని నిద్రపుచ్చు. నిద్రపోతే అది ముడుచుకుపోతుంది, బరువుండదు. కానీ ముందే చెబుతున్నాను. ఒకసారి నిద్రపోయిన గుత్తి మళ్లీ లేవదు. నీకే కాదు, నీ కూతుళ్లకూ లేవదు. వాళ్ల కూతుళ్లకూ లేవదు."

పింగళికి తన సంగతంటే సరే. ఇంకా పుట్టని కూతుళ్ల సంగతి కూడా ఇప్పుడే, ఈ పొగలోనే, తనే తేల్చాలా? వాళ్లను అడగడానికి వాళ్లెక్కడున్నారు?

సవల ఏదైనా చెబుతాడేమోనని చూసింది. సవల ఇంకా దగ్గరగా జరిగి నిలబడ్డాడు.

ఎడమవైపు గుడ్డుకు పెంకు కట్టింది. అది ప్రయాణానికి తయారుగా ఉంది. కుడివైపు ఒక్క సొనైనా గుత్తి విడిచి కదల్లేదు. పింగళికి ఇక వేరే దారి కనపడలేదు. తలను కుడిరెక్క కిందికి వంచింది.

"పడుకోండమ్మా" అంది మెల్లగా.

లోపల అన్నిటికంటే చిన్న సొన, ఆవగింజంతది, అడిగింది. "ఇప్పుడేగా ఎండ ఎక్కింది? అప్పుడే పడుకోవాలా?"

"అవునమ్మా."

"మళ్లీ ఎప్పుడు లేపుతావు?"

పింగళికి అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. "లేపను తల్లీ. మీరు పడుకుంటేనే నేను ఎగరగలను. నేను ఎగిరితేనే పక్కనున్న మీ వాళ్లు బతుకుతారు."

కుడి గుత్తిలో సొనలన్నీ ఒకదానికొకటి ఒరుసుకున్నాయి. తర్వాత చిన్న సొన అంది. "అయితే సరే. మేం దగ్గరగా పడుకుంటాం. చోటు ఎక్కువ పట్టం."

ఒక్కొక్క సొనా ముడుచుకుంది. గుత్తి మొత్తం ముడుచుకుని, చిన్న మచ్చంత అయిపోయింది. గుడ్డు దిగే కుడి దారి దారంలా సన్నబడింది. పింగళి కడుపు కుడివైపు ఒక్కసారిగా తేలికైపోయింది. ఆ తేలికదనానికి అది వణికిపోయింది.

ఇదంతా పూరేడవ్వ చూస్తోంది. ఆమె కడుపులో గుడ్లు లేవు, కావాలంటే ఎప్పుడో ఎగిరిపోయి ఉండేది. ఎగరలేదు. నేలమీదే పరుగు తీసింది.

"ఒక గుత్తిని నిద్రపుచ్చండి! గాలి ఎత్తుతాడు!" అని పొదపొదకీ వెళ్లి అరిచింది. "గువ్వా, విన్నావా? గోరింకా, ఏడుస్తూ కూర్చోకే! కుడిదాన్ని నిద్రపుచ్చు! పింగళి పుచ్చింది, తేలికైంది, నేను కళ్లారా చూశాను!"

ఒక్కో పొదలోంచీ ఒక్కో తల్లి లేచింది. గువ్వ లేచింది. గోరింక లేచింది. కౌజుపిట్ట లేచింది, చిలక లేచింది. అందరి కింద గాలి దూరాడు. అందర్నీ ఎత్తాడు.

మద్దిచెట్టు మీద డేగ మాత్రం ఒప్పుకోలేదు. "నా రెక్కలు పెద్దవి. రెండింటినీ నేనే మోసుకుంటాను" అంది. మోసుకుంది కూడా. రొప్పుతూ రోజుతూ, వాగు మీద రెండుసార్లు కిందికి జారి మళ్లీ లేచి, ఎలాగో అవతలి గట్టుకు చేరింది.

పింగళీ సవలా పక్కపక్కనే ఎగిరారు. కింద వాగు మెరిసింది. కాళ్లకు చల్లటి ఇసుక తగిలింది. పింగళి మళ్లీ ఊపిరి బిగబట్టి విన్నది. లోపల తగులుకోవడానికి రెండో గుడ్డే లేదు. ఉన్న ఒక్కటీ భద్రంగా ఉంది.

తల్లులందరూ వచ్చారు. ఒకరినొకరు ఒరుసుకుంటూ ఇసుకలో కూర్చున్నారు.

"పూరేడవ్వేది?" అంది పింగళి.

గువ్వ అటు తిరిగి చూసింది. అవతలి గట్టున పొదలేవీ మిగల్లేదు. "నన్ను లేపాక ఇంకా లోపలికి వెళ్లింది. అక్కడ ఇంకెవరో ఉన్నారంది" అని గువ్వ గొణిగింది.

పింగళి ఆ గట్టు వైపే చూస్తూ నిలబడింది. పొద్దు వాలేదాకా చూసింది. పూరేడవ్వ రాలేదు.

మర్నాడు పొద్దున పింగళి గడ్డిదుబ్బు పక్కన కూర్చుని గుడ్డు పెట్టింది. పెట్టి, రెండోదాని కోసం ఆగింది.

ఎంతసేపాగినా రెండోది రాలేదు.

పింగళి చటుక్కున లేచి వెనక్కి తిరిగి చూసింది. గడ్డిలో ఒక్కటే గుడ్డు. వెచ్చగా, నున్నగా, ఒంటరిగా ఉంది. తనే నిద్రపుచ్చింది. తనకు తెలుసు. అయినా కళ్లతో చూసేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఒక్కటే! ఒక్కటే! ఒక్కొక్కొక్కటే!"

సవల పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమైంది? పాము గానీ వచ్చిందా?"

"ఒక్కటే ఉంది సవలా!"

"నీకు తెలుసు కదే!"

"తెలుసు. అయినా చూడు, ఒక్కటే!"

సవల చూశాడు. ఆ గుడ్డు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఏమనాలో తోచక అతనూ పెద్దగా అరవడం మొదలుపెట్టాడు. మర్నాడు ఇంకొకటి వచ్చింది. ఆ మర్నాడు ఇంకొకటి. ఏ పూటా జంట రాలేదు. కానీ ఒక్కటి కూడా లోపల పగల్లేదు. పింగళి వాటన్నిటినీ పొదిగింది. పెంకులు చిట్లి, తడితడి పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతూ బయటికొచ్చాయి. అన్నీ బతికాయి.

కూతుళ్లు కాస్త ఎదిగాక పింగళి వాళ్లను రెక్కల కింద కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పింది. గుడ్డు ఎలా దిగుతుందో చెప్పింది. పగిలితే ఎలా ఉంటుందో చెప్పింది. కుడివైపు ఎవరు పడుకున్నారో కూడా చెప్పింది.

అప్పటినుంచే కోడికి ఎడమవైపు గుత్తి ఒక్కటే పనిచేస్తుంది. గుడ్డులో ఆడ కోడిపిల్ల తయారయ్యేటప్పుడు మొదట రెండు వైపులా రెండు గుత్తులూ మొలుస్తాయి. తర్వాత కుడిది మెల్లగా నిద్రలోకి జారి, చిన్న మచ్చలా మిగిలిపోతుంది. గువ్వకైనా చిలకకైనా అంతే. డేగల్లో కొన్నిటికి మాత్రం ఈనాటికీ రెండు గుత్తులూ ఉంటాయి.

అప్పటినుంచే కోడి ఒక పూటకు ఒక్క గుడ్డే పెడుతుంది. పెట్టి, లేచి, వెనక్కి తిరిగి చూసుకుంటుంది. నిన్నా చూసింది, మొన్నా చూసింది. అయినా ఇవాళ మళ్లీ ఉలిక్కిపడుతుంది. వాకిలంతా వినపడేలా అరుస్తుంది.

"ఒక్కటే! ఒక్కటే! ఒక్కొక్కొక్కటే!"