సుంకన్న గంటల రాయి

ఏ రాజు ఏలాడో మా ముత్తాతలకే ఖాయంగా తెలియని రోజులవి. అప్పట్లో మా ఊళ్లో ముగ్గురు గొప్ప ధైర్యవంతులు ఉండేవారు. రెడ్డి, కరణం, పూజారి. తమ ధైర్యం గురించి వాళ్లే చెప్పేవారు కాబట్టి అనుమానించడానికి వీల్లేదు.

సుంకన్న అనే పశువుల కాపరి కూడా ఉండేవాడు. అతని ధైర్యం గురించి ఎవరూ చెప్పలేదు. భార్య మారెక్క మాత్రం రోజూ పొద్దున ఒకే మాట చెప్పేది.

"దీపం పెట్టేలోగా ఇంటికి రా."

ఒక సాయంత్రం పక్క సీమ దండు మా పశువుల కోసం వచ్చి పడింది. రెడ్డి గాదెలో దూరాడు. కరణం గడ్డివాములో దూరాడు. పూజారి దేవుడి వెనక దూరాడు. అది దాక్కోవడం కాదట, అదను కోసం కాచుకోవడమట.

లోయలో ఉన్న సుంకన్నకు గుర్రాల దుమ్ము కనిపించింది. పొదల చాటున పశువులు కనపడవు గానీ, మెడలో గంటలు ఊరుకోవు. గబగబా గంటలన్నీ విప్పాడు. తన మెడకు కట్టుకున్నాడు, నడుముకు కట్టుకున్నాడు, కాళ్లకు కట్టుకున్నాడు. ఎదురు గుట్ట వైపు పరుగెత్తాడు. గణగణ, గణగణ.

మంద అటే పోతోందనుకుని దండు వెంటపడింది. సుంకన్న ముళ్లలోకి దిగాడు, గణగణ. దండూ దిగింది. సుంకన్న రాళ్లెక్కాడు, గణగణ. దండూ ఎక్కింది. సుంకన్న వాగు బురదలో పడ్డాడు, గణగణ. దండూ పడింది. చివరికి గుర్రాలు కుంటుతుంటే, ఆవుల్ని తిట్టుకుంటూ వెనుదిరిగింది.

మారెక్క దీపం పెట్టి గుమ్మంలో నిలబడి ఉంది. గణగణ వినపడగానే కూలబడి ఏడ్చింది. తర్వాత ఆలస్యమైనందుకు తిట్టింది.

ఏళ్లు గడిచాయి. సుంకన్న ముసలివాడై మంచంలోనే పోయాడు. ఊరి బయట యుద్ధంలో చచ్చినవాళ్ల వీరగల్లులు వరసగా ఉన్నాయి. అక్కడ తన మొగుడికీ ఒక రాయి నిలపమని మారెక్క అడిగింది. రాయి లేకపోతే, తన తర్వాత ఆయన పేరు తలిచేవాళ్లే ఉండరని ఆమె భయం.

ముగ్గురు ధైర్యవంతులూ చాలాసేపు ఆలోచించారు.

"వీరగల్లు పోరులో పడినవాడికి, మారెక్కా," అన్నాడు రెడ్డి. "నీ మొగుడు బతికొచ్చేశాడు కదా."

"నేనే రమ్మన్నానయ్యా. ఆయన నా మాట విన్నాడు."

ఆ యేడే రాజు యుద్ధానికి మనుషుల్ని అడిగాడు. రెడ్డి ఒక్కగానొక్క కొడుకు వెళ్లాడు. రెడ్డి భార్య చెన్నమ్మ కొబ్బరికాయ పట్టుకుని వీరగల్లుల దగ్గరికి పోయింది. మొదటి రాతి మీది వీరుడు కత్తి పోటుకు పడ్డాడు. రెండో వీరుడు బాణానికి పడ్డాడు. మూడో వీరుడు గుర్రంతో సహా పడ్డాడు. ఆమె కొబ్బరికాయ కొట్టకుండానే తిరిగొచ్చింది.

"వీళ్లలో ఇంటికొచ్చినవాడు ఒక్కడూ లేడు," అంది మొగుడితో. "నా బిడ్డను ఎవరికి అప్పగించుకోను?"

ఆ పూట రెడ్డికి అన్నం సహించలేదు. అంతకుముందు అలా ఎన్నడూ జరగలేదు. మర్నాడే రాయి చెక్కేవాడికి కబురు పోయింది.

ఆ రాతి మీద కత్తి లేదు, గుర్రం లేదు. ఒంటినిండా గంటలతో ఊరివైపు నడిచొచ్చే మనిషి ఉన్నాడు. మారెక్క ఇచ్చిన గంటను చెన్నమ్మ ఆ రాయికి కట్టింది. కోతల వేళకు కొడుకు వచ్చాడు. తన చేత్తోనే దాన్ని విప్పాడు. రెడ్డి ఏడవలేదట, కంట్లో పొట్టు పడిందట.

ఇప్పటికీ మిలిటరీకి పోయినా, లారీ ఎక్కినా, మా ఊరివాళ్లు ఆ రాయికి గంట కట్టే పోతారు. తిరిగొచ్చి విప్పుకుంటారు. సాగనంపేటప్పుడు మగవాళ్లు "వీరుడిలా పో" అంటారు. ఆడవాళ్లు "సుంకన్నలా రా" అంటారు.

పోయేవాళ్లు రెండో మాటకే తలూపుతారు.