పరజ కందనకాయ

మౌలాలికి అన్నం సయించడం లేదు. నెమలీకల కట్ట సిలారు చేతికి వెళ్ళిన రోజునుంచీ అంతే.

కొల్లేటి గట్టున ఉన్న ఆ చిన్న దర్గాలో ఖలందర్ బాబాకు పెద్ద శిష్యుడు మౌలాలి. ఊడ్చింది తను, నీళ్ళు మోసింది తను, దర్గా విందుకి, అదే కందూరుకి, కోళ్ళు కోసి వండింది తను. బాబాకు వయసు మీదపడి చెయ్యి వణుకుతోంది. జబ్బు పిల్లలకు నెమలీకలతో దువా చేసే పని ఇక మౌలాలికే వస్తుందని ఊరంతా అనుకుంది. తనూ అనుకున్నాడు. బాబా ఏమో నిన్నగాక మొన్నొచ్చిన సిలారును పిలిచి ఇచ్చేశాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా! మౌలాలి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు.

ఆ చలికాలం పరజలు, అవేనండీ కొల్లేటి అడవి బాతులు, ఎగరలేక గట్టుమీద కూలబడుతున్నాయి. రెక్కలు వాలేసి, మెడ నిలపలేక తూలుతుంటే సిలారు వాటిని ఒళ్ళో పెట్టుకుని నూకలు తినిపించేవాడు. తినేవి. అయినా ఎండిపోయి చచ్చేవి.

మౌలాలికి ఇంతకంటే ఏం కావాలి? దర్గాకొచ్చిన తల్లుల చెవిన వేశాడు.

"వాడి చెయ్యి మంచిది కాదమ్మా. వాడు ముట్టుకున్న పిట్ట బతకడం లేదు. ఇక మీ బిడ్డల సంగతి మీరే చూసుకోండి."

అంతే. తల్లులు సిలారును చూసి బిడ్డల్ని కొంగుచాటుకు లాక్కోవడం మొదలెట్టారు. నెమలీకలు పట్టుకుని కూర్చున్నవాడి ముందుకు ఒక్కరూ రారు. చివరికి ఒక శుక్రవారం, జుమ్మా పొద్దున సిలారు బట్టలు మూట కట్టుకున్నాడు.

ఆ పొద్దునే మౌలాలి చచ్చిన పరజనొకదాన్ని తెచ్చి బాబా ముందు పడేశాడు.

"చూడండి బాబా, ఇదీ పోయింది! పిట్టకు తిండి పెట్టడం చేతకానివాడికి మీరు దువా అప్పజెప్పారు."

బాబా పిట్టను నిమిరాడు. రొమ్ము ఎముక కత్తిలా తగిలింది.

"కోయి," అన్నాడు.

"చచ్చినదాన్నా? మనం తినం కదా బాబా!"

"తినడానికి కాదు. కందూరు కోళ్ళు కోసే చెయ్యి నీదేగా. కోయి."

మౌలాలి కత్తి తెచ్చాడు. గొంతు సంచి నిండా సిలారు పెట్టిన నూకలు, అరక్కుండా అట్లాగే ఉన్నాయి. మౌలాలి బాబా వైపు చూడలేదు. కందనకాయ చీల్చి, అలవాటుగా లోపలి ఇసుకా గులకరాళ్ళూ పళ్ళెంలోకి దులిపాడు. లోపలి పొర పచ్చగా కమిలిపోయి ఉంది. రాళ్ళ మధ్య చిన్న గుండ్లు కొన్ని, అరిగి పలచబడి మెరుస్తున్నాయి.

"తుపాకీ గుళ్ళు! ఎవడో కాల్చాడు బాబా."

"మరి చిల్లు ఏదీ?"

మౌలాలి ఈకలన్నీ తిప్పి తిప్పి చూశాడు. చర్మం మీద గీత కూడా లేదు. కందనకాయకైనా తను కోసిన కోత తప్ప ఇంకోటి లేదు.

"షికారువాళ్ళు ఎప్పుడో ఇంకే పిట్టకో కాల్చారు," అన్నాడు బాబా. "గురి తప్పి బురదలో పడ్డాయి. గింజ నలగాలంటే దీనికి రాళ్ళు కావాలిగా? రాయే అనుకుని మింగింది. సీసం కదరా! అరిగేకొద్దీ ఒళ్ళంతా విషం పాకింది. ఇక ఎంత తింటే మాత్రం ఒంటబడుతుందా?"

"అయితే దీన్ని ఎవరూ..."

"ఎవరూ కాల్చలేదు. తనే ఏరుకుంది. తనే నూరుకుంది."

బాబా ఒక గుండును కడిగి మౌలాలి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"ఎన్నాళ్ళైందిరా నువ్వు కడుపునిండా అన్నం తిని?"

మౌలాలి ఆ పిడికిలి విప్పకుండానే లేచి గుమ్మం వైపు నడిచాడు.

బయట జుమ్మాకి వచ్చిన తల్లులు దూరదూరంగా నిలబడి ఉన్నారు. చంకలో మూటతో సిలారు, నెమలీకలు బాబాకు తిరిగి ఇచ్చేద్దామని వస్తున్నాడు. మౌలాలి ఎదురెళ్ళి, అందరూ చూస్తుండగా అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు.

సిలారు బెదిరిపోయాడు. "ఏమైంది అన్నా?"

"పిట్టలు నీవల్ల చావలేదురా," అన్నాడు మౌలాలి, తల్లులకు కూడా వినపడేట్టు. "నా కడుపులో సీసం ఉంది. మూట దించి ముందు నాకు దువా చెయ్యి."