ఈరమ్మ బొంత

మంచుమబ్బులు ఇళ్లలోకే దిగివచ్చే ఓ కొండరాజ్యంలో ఈరమ్మ పాతచీరలతో బొంతలు కుట్టి బతికేది. అతుకుల బట్ట దరిద్రానికి గుర్తని, ఏడాది దాటిన గుడ్డనల్లా తగలబెట్టాలని కొత్తరాజు చాటింపు వేయించాడు. భటులు ఆమెను బొంతలతో సహా కోటలో రాజు ముందున్న మంట దగ్గరికి తెచ్చారు.

ఈరమ్మ చేతులు జోడించి, "మారాజా, అన్నిటికంటే పాతదాన్ని ముందు వెయ్యాలి కదా?" అంది.

"అవును, ఏదది?"

ఆమె బురుజు వైపు చూపించింది. రాజుగారి తాత యుద్ధంలో ఎత్తిన జెండా, ఒళ్లంతా అతుకులతో, మంచులో కలలా తేలుతోంది.

రాజు చూపు ఆ అతుకుల మీంచి బొంతల మీదికి మళ్లింది. తర్వాత ఓ బొంత తీసి భుజాల చుట్టూ కప్పుకున్నాడు. ఆ వెచ్చదనానికి కళ్లు వాలిపోయాయి.

"మంట ఆర్పెయ్యండి," అన్నాడు, నిద్రలో పలికినట్టు.

ఆ చలికాలం రాజ్యంలో ఒక్క పాతచీరా పారేసినవాళ్లు లేరు.