చెలమ కాడ కాటుక

పిల్లలూ, దగ్గరికి జరగండి. అనగనగా ఒక అడివిలో ఎండలు ముదిరాయి. వాగు ఎండిపోయింది. ఆ వాగు ఇసకలో పందిమామ మూతితో తవ్వి తవ్వి చెలమ తీశాడు. అడివి మొత్తానికి అవే నీళ్ళు.

పందిమామ ఒక కట్టుబాటు పెట్టాడు. "పక్క కొండవాళ్ళు వచ్చి మన పేర్లు చెప్పుకుని దొంగతనంగా తాగిపోతున్నారు. ఇకనుంచి ఎవరి పేరు వాళ్ళు గబుక్కున చెప్పాలి. సొంత పేరు చెప్పడానికి తడబడ్డారా, దొంగలే!" అన్నాడు.

ఆ అడివిలో కాటుక అని ఒక ఆడకుందేలు ఉండేది. ఒళ్ళంతా నలుపు. అలాంటి కుందేలు అక్కడ ఇంకోటి లేదు. దానికి నత్తి. అన్ని మాటల్లోకీ దాని పేరే దానికి కష్టం.

మొదటి రోజు "కా... కా... కా..." అంది.

వరసలో ఉన్న కోతి పకపకా నవ్వింది. "కాకి వచ్చిందిరోయ్! రంగు కూడా కుదిరింది!"

"పోవే, పో" అన్నాడు పందిమామ.

రెండో రోజు ఉడుత జాలిపడింది. "మామా, దీని పేరు కాటుక" అని అందించింది.

"నిన్నడిగానా? ఎవరి పేరు వాళ్ళే చెప్పాలి" అని కసిరాడు పందిమామ. రాబోయిన మాట కాస్తా పోయి, కాటుక ఆ రోజూ తాగకుండానే వెళ్ళిపోయింది.

మూడో రోజు కాటుక అసలు వెళ్ళలేదు. నాలిక పిడచకట్టుకుపోయింది. ఎవరూ లేని చోటికి పోదామని తమ అడివిలోనే ఉన్న చిన్న కొండ ఎక్కింది. అక్కడ బండ సందులో నీటి చుక్కలు పడుతున్నాయి. పక్కనే ఒక ఆడ ఎలుగు, ఒక నల్లపిట్ట కూర్చునున్నాయి.

"నీ పే... పే... పేరేంటమ్మా?" అంది ఎలుగు.

కాటుక ఉలిక్కిపడింది. "కా... కా..." అని ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ అందించలేదు. ఎలుగు దాని మొహంలోకే చూస్తూ కూర్చుంది.

"కాటుక" అంది చివరికి. అని, ఏడ్చేసింది.

"నలుపూ మాదే, న... నత్తీ మాదే తల్లీ" అంది నల్లపిట్ట. "ఇక్కడ ఎవరి మాటయినా పూర్తయ్యేదాకా ఆ... ఆగుతాం."

అప్పట్నుంచి ముగ్గురూ ఒక్కచోటే ఉన్నారు. కొన్నాళ్ళకి బండ సందు కూడా ఎండిపోయింది.

"చె... చెలమకి పోదాం అత్తా" అంది కాటుక.

"నే... నేను రాను. అందరి ముందూ నోరు విప్పి ఎ... ఎన్నేళ్ళయిందో" అంది ఎలుగు.

"ముందు నేను చె... చెప్తాను. మీరు పక్కన నుంచోండి చాలు."

వెళ్ళారు. "కా... కా..." అంది కాటుక. కోతి నవ్వబోయింది.

"మాట అయ్యేదాకా ఆ... ఆగు నాయనా" అంది నల్లపిట్ట. కోతి నోరు మూసుకుంది.

"కాటుక. నేను దొంగని కాదు మామా. నాకు మాట ఆ... ఆలస్యంగా వస్తుంది, అంతే."

పందిమామ తలొంచుకున్నాడు. "నాకు తెలీలేదమ్మా" అని పక్కకి జరిగాడు. "తాగు తల్లీ."

కాటుక నీళ్ళ కాడికి పోలేదు. వెనక్కి తిరిగింది. ఇప్పుడు ఎలుగు వంతు. ఎలుగు ముందుకొచ్చింది. "బం... బం..." అని ఆగిపోయింది.

ఎలుగు పేరు బంగారమ్మ అని కాటుకకి తెలుసు. అయినా అందించలేదు. దాహంతోనే, ఎలుగు మొహంలోకి చూస్తూ నుంచుంది. ఎలుగు వెనక వరసంతా కూడా అలాగే ఆగి నుంచుంది.

నీతి: మాట ఆగినవాళ్ళకి మన మాట అరువివ్వక్కర్లేదు. పక్కన ఉండి, వాళ్ళ మాట వచ్చేదాకా ఆగితే చాలు.